వండర్లాకు వెళ్తున్నారా? నీళ్లలోకి దిగే ముందు ఇది చదవండి

వేసవి సెలవులు వచ్చాయంటే చుట్టాల దగ్గరి నుంచి, పాత సహోద్యోగుల దగ్గరి నుంచి నాకు ఒకటే ఫోను: "పిల్లలు వండర్లా అంటున్నారు. ఎప్పుడు బయలుదేరాలి? ఏవి ఎక్కాలి? ఆ తలకిందులయ్యే రైలు ప్రమాదం కాదు కదా?" డబ్బు పోసి వెళ్లి వరుసల్లో నిలబడి తిరిగి వస్తామేమోనన్న బెంగ ఒకటి, రోలర్ కోస్టర్ ఎక్కాలంటే గుండె దడ ఒకటి. ఇద్దరు ముగ్గురికి విడివిడిగా చెప్పాక ఓపిక అయిపోయి, అంతా ఒకచోట రాస్తున్నాను.

ఇది హైదరాబాద్ వండర్లా అనే వినోద పార్కు గురించి. ఔటర్ రింగు రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర, రావిర్యాలలో ఉంటుంది. 2016 ఏప్రిల్‌లో తెరిచారు. కొచ్చి, బెంగళూరుల్లోనూ ఇదే సంస్థ పార్కులున్నాయి కాబట్టి అక్కడి తెలుగువాళ్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది. రైడ్ల పేర్లు, సమయాలు మాత్రం చూసుకోండి.

కావలసినవి

- నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలు, మనిషికి ఒక జత. నూలు బట్టలు, జీన్సు, చీర, చున్నీలతో నీళ్లలోకి రానివ్వరు. తెచ్చుకోకపోతే అక్కడే కొనాలి, ఆ ఖర్చుకు ఇంటికొచ్చాక మనసు చివుక్కుమంటుంది.
- పొడి బట్టలు ఇంకొక జత, తువ్వాలు, తడి బట్టలకు పెద్ద ప్లాస్టిక్ సంచి.
- వెనక పట్టీ ఉన్న చెప్పులు. హవాయి చెప్పులు వద్దు.
- అసలు గుర్తింపు కార్డులు. కాలేజీ పిల్లలకు, పెద్ద వయసువాళ్లకు రాయితీ కావాలంటే ఫోనులోని ఫోటోను నమ్ముకోవద్దు.
- కళ్లద్దాలకు తాడు, వాటిని పెట్టుకునే డబ్బా.
- రోజూ వేసుకునే మందులు, ఒక మార్కర్ పెన్ను. అదెందుకో తర్వాత చెబుతాను.

తీసుకెళ్లకూడనివి ఇంకా ముఖ్యం. బంగారు గొలుసులు, బుట్టకమ్మలు, గాజులు, పూలు ఇంట్లోనే ఉంచండి. పులిహోర డబ్బా కూడా. బయటి తిండి లోపలికి అనుమతించరు, దాని మీద గేటు దగ్గర వాదించి ఎవరూ గెలవలేదు.

1. రోజును ఎంచుకోండి

మంగళ, బుధ, గురువారాలు మేలు. శని, ఆదివారాలు, రెండో శనివారం, దసరా, సంక్రాంతి సెలవులు తప్పించండి. నన్నడిగితే జూన్ 12న తెలంగాణ బడులు తెరిచిన తర్వాతి రెండు వారాలంత మంచి కాలం ఇంకొకటి లేదు. ఎండ తగ్గుతుంది, జనమూ తగ్గుతారు. పిల్లలకు ఒక రోజు బడి పోతుంది, అది మీరూ మీ మనస్సాక్షీ తేల్చుకోండి.

వానకు భయపడనక్కర్లేదు, ఎలాగూ తడవడానికే వెళ్తున్నారు. ఉరుములు, మెరుపులు ఉంటే మాత్రం ఎత్తైన రైడ్లు ఆపేస్తారు. వాతావరణ సూచనలో పిడుగుల మాట కనిపిస్తే రోజు మార్చుకోండి.

టికెట్టు పార్కు వెబ్‌సైటులో ముందే కొనండి. ధర రోజును బట్టి మారుతుంది. వరుస తప్పించుకునే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు కూడా అక్కడే దొరుకుతుంది, ఖరీదు బాగా ఎక్కువ. వారం మధ్యలో వెళ్తే అది వృథా. పండుగ సెలవుల్లో తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే, ఏ రైడ్లకు వర్తిస్తుందో చదివి కొనండి.

2. ముందు రోజే పిల్లల ఎత్తు కొలవండి

ఎక్కువమంది వదిలేసే పని ఇదే. ఇక్కడ టికెట్టుకు లెక్క వయసు కాదు, ఎత్తు. 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు టికెట్టు లేదు, 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. పెద్ద రైడ్లకూ ఆ 140 గీతే సరిహద్దు. చెప్పులు తీయించి, మడమలు గోడకు ఆనించి, తల మీద అట్ట పెట్టి గీత గీసి టేపుతో కొలవండి.

కొలత 138 వచ్చిందనుకోండి, ఆ పెద్ద కోస్టర్ ఈ ఏడాదికి లేదని రాత్రే చెప్పేయండి. లేకపోతే ముప్పావుగంట వరుసలో నిలబడ్డాక గీత దగ్గర ఆపుతారు, అప్పటి ఏడుపును ఐస్‌క్రీము కూడా ఆపలేదు. జుట్టు పైకి ముడి వేయడం, చెప్పులో అట్ట పెట్టడం వంటి తెలివితేటలు వద్దు. ఆ గీత మీ వాడిని అవమానించడానికి పెట్టింది కాదు. భుజాల మీదికి దిగే బార్ ఆ పొడవుకు సరిపోతుందని పెట్టింది.

3. పొద్దున తిండి, ప్రయాణం

గేటు తెరిచే సమయానికి అరగంట ముందు చేరండి. ఆ రోజు సమయమేదో టికెట్టు కొన్నప్పుడే చూసుకోండి. శ్రీశైలం దారి నుంచి వచ్చేవాళ్లకు తుక్కుగూడ వైపు దగ్గర, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే ఊళ్లోకి రానక్కర్లేదు. సొంత బండి లేకపోతే వెళ్లడానికంటే తిరిగి రావడానికి వాహనం దొరకడం కష్టం. దాన్ని పొద్దుటే మాట్లాడుకోండి.

రెండు ఇడ్లీలు చాలు. నేను మొదటిసారి దారిలో పెసరట్టు ఉప్మా, ఆ పైన రెండు బొండాలు, చిక్కటి కాఫీ పట్టించి వెళ్లాను. కోస్టర్‌లో మొదటి లూపు, అంటే బండిని తలకిందులు చేసే చుట్టు, దాటేసరికి ఆ బొండాలు రెండూ నాతో మాట్లాడటం మొదలుపెట్టాయి. అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. ఆకలి మీద ఉన్నవాళ్లకు తల ఇంకా తొందరగా తిరుగుతుంది.

4. గేటు దాటగానే ఆగకండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే, ఇది గుర్తుంచుకోండి: పొడి రైడ్లు ముందు, నీళ్లు తర్వాత.

లోపలికి రాగానే జనం ఎదురుగా కనిపించిన మొదటి రైడు దగ్గర ఆగిపోతారు, లేదా ఫోటోలు దిగుతారు. మీరు ఆగకండి. సామాను లాకరులో పెట్టి, నేరుగా రీకాయిల్ అనే రివర్స్ లూపింగ్ కోస్టర్ (తలకిందులవుతూ ముందుకు వెళ్లి, అలాగే వెనక్కు వచ్చేది) దగ్గరికి నడవండి. మొదటి గంటలో అక్కడ వరుస చిన్నగా ఉంటుంది. తర్వాత మిగతా పెద్ద పొడి రైడ్లు పూర్తి చేయండి.

నీటి రైడ్లను పొద్దున్నే మొదలుపెట్టరు. మధ్యాహ్నం వేళకు తెరుస్తారు, పార్కు మూసే సమయానికి ముందే ఆపేస్తారు. తెరవగానే జనమంతా అటు పరుగెత్తుతారు. సరిగ్గా ఆ గంటలో పొడి రైడ్ల దగ్గర వరుసలు పలచబడతాయి, మిగిలినవి అప్పుడు ఎక్కండి. తలకిందులుగా చేసేవాళ్ల కథ మీకూ తెలిసే ఉంటుంది: ముందే తడిసి, నీళ్లు ఆపేశాక తడి జుట్టుతో, వణుకుతున్న పిల్లలతో, అందరితో పాటు రీకాయిల్ వరుస చివర నిలబడతారు.

లాకరు గురించి ఒక మాట. ప్రతి కుటుంబంలోనూ "మీరు వెళ్లండి, నేను సంచుల దగ్గర కూర్చుంటాను" అనే మనిషి ఒకరుంటారు, సాధారణంగా అమ్మ. లాకరు అద్దె ఆమెను ఆ కుర్చీ నుంచి లేపడానికి కట్టే రుసుము అనుకోండి. లాకరు నంబరును ఇద్దరు గుర్తుపెట్టుకోండి. దాన్ని ఫోటో తీసి, ఆ ఫోనునే లాకరులో పెట్టి తాళం వేసిన ఘనత నాది.

5. కోస్టర్ ఎక్కడం

ముందుగా, ఎవరు ఎక్కకూడదు: గర్భిణులు, గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ ఉన్నవాళ్లు, మెడ నొప్పి, వెన్నునొప్పి ఉన్నవాళ్లు, ఇటీవల శస్త్రచికిత్స అయినవాళ్లు. "ఒక్కసారికి ఏమవుతుంది" అనే బావగారి మాట వినకండి. అనుమానం ఉంటే డాక్టరును ముందే అడగండి.

ఇక భయం సంగతి. ఎక్కే ముందు కింద నిలబడి రెండు విడతలు పూర్తిగా చూడండి, చేతి గడియారంతో లెక్కపెట్టండి. రీకాయిల్ బండిని మొదట వెనక్కు లాగి ఎత్తుకు తీసుకెళ్తారు, అక్కడి నుంచి వదిలేస్తారు. అది కిందికి దూసుకొచ్చి, మూడుసార్లు తలకిందులై, అవతలి ఎత్తు ఎక్కుతుంది. అక్కడి నుంచి అదే దారిలో వెనక్కు వస్తూ మళ్లీ మూడుసార్లు. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఎంతసేపో తెలిసిన భయం సగం భయమే.

సిద్ధాంతం ఒక్కటే చెప్పి వదిలేస్తాను. లూపును జాగ్రత్తగా చూస్తే అది గుండ్రంగా ఉండదు, నీటిచుక్కలా పైన సన్నగా ఉంటుంది. పూర్తి వృత్తమైతే అడుగున వేగం ఎక్కువైనప్పుడు ఒంటి మీద ఒత్తిడి భరించలేనంత పెరుగుతుంది. అందుకే అడుగున వంపును విశాలంగా, పైన బిగువుగా పెడతారు. తలకిందులైనా మీరు జారిపోకుండా, సీటుకే అతుక్కున్నట్టు ఉండటానికి కారణం ఆ వేగం, ఆ వంపు. బార్ దానికి తోడు.

ఎక్కేటప్పుడు వరుసగా ఇవి చేయండి:

క) కళ్లద్దాలు, టోపీ, గొలుసు, బుట్టకమ్మలు తీయండి. జడను గట్టిగా అల్లి చొక్కా లోపలికి తోయండి. బుట్టకమ్మల గురించి ఎందుకింత పట్టుదల అంటే, మలుపుల్లో తల అటూ ఇటూ ఊగి చెవులు భుజాల ప్యాడ్లకు తగులుతాయి. కింద "ఏమీ కాదులే" అన్నవాళ్లు దిగేటప్పుడు చెవి పట్టుకొని దిగుతారు.

ఖ) భయమున్నవాళ్లు మధ్య వరుసలో కూర్చోండి. చివరి సీట్లలో దిగుడు ఎక్కువ తెలుస్తుంది, ముందు సీట్లలో కళ్లకు ఎక్కువ కనిపిస్తుంది. ఈ కోస్టర్ వెనక్కు కూడా వెళ్తుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో చివరి సీటే ముందు సీటు. మధ్య సీటు మాత్రం రెండు వైపులా మధ్యదే.

గ) వెన్ను పూర్తిగా సీటుకు ఆనిన తర్వాతే బార్ దించండి. ముందుకు జరిగి కూర్చొని దించితే లోపల ఖాళీ మిగిలి, ఆ ఖాళీలో మీరు ఎగిరెగిరి పడతారు.

ఘ) దించాక రెండు చేతులతో ఒకసారి పైకి నెట్టి చూడండి. లేవకూడదు. బెల్టును కూడా లాగి చూడండి. సిబ్బంది వచ్చి చూస్తారు, అయినా మీరూ చూడండి. తేడా అనిపిస్తే మొహమాటపడకుండా చెయ్యెత్తి పిలవండి.

చ) తలను వెనక దిండుకు ఆనించి అక్కడే ఉంచండి. పక్కన కూర్చున్న కొడుకు మొహం చూడాలని అందరికీ ఉంటుంది. లూపు మధ్యలో మెడ తిప్పితే మర్నాడు ఆఫీసులో మొత్తం ఒళ్లే తిప్పాల్సి వస్తుంది.

ఛ) కళ్లు తెరిచి దూరంగా చూడండి. కళ్లు మూసుకుంటే తిరుగుడు ఎక్కువవుతుంది, ఎందుకంటే లోపలి చెవి తిరుగుతున్నామంటుంది, కళ్ల నుంచి ఏ కబురూ రాదు. కాళ్లు, పొట్ట కాస్త బిగపట్టండి.

జ) అరవండి. ఇది తమాషాకు చెప్పడం లేదు. భయంలో చాలామంది ఊపిరి బిగపడతారు, అరిస్తే ఊపిరి తనంతట తానే ఆడుతుంది.

పిల్లలను గానీ భార్యను గానీ బలవంతంగా ఎక్కించకండి. సీటు దాకా వెళ్లి కూడా వెనక్కు రావచ్చు, బండి కదలక ముందే సిబ్బందికి చెబితే దారి చూపిస్తారు. నచ్చజెప్పాలనిపిస్తే ముందు చిన్న కోస్టర్, తర్వాత ఊయల వంటి పెద్ద రైడు, ఆ తర్వాత ఇది. మధ్యాహ్నానికి వాళ్లే అడుగుతారు, లేదా అడగరు. రెండూ మంచివే.

6. దిగాక పరీక్ష

దిగగానే ఇంకొకదానికి పరుగెత్తకండి. నీడలో నిలబడి, పాదాలు దగ్గరగా పెట్టి, దూరంగా ఉన్న చెట్టు మీద చూపు నిలిపి తలను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. చెట్టు కదలకుండా నిలబడితే మీరు బాగున్నట్టే. ఊగితే ఇరవై నిమిషాలు కూర్చొని, ఉప్పు వేసిన నిమ్మరసం కొంచెం కొంచెంగా తాగండి. ఛాతీలో నొప్పి, తగ్గని తలనొప్పి, చేతుల్లో తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయకుండా ప్రథమ చికిత్స కేంద్రానికి వెళ్లండి.

కడుపు తిప్పే గుణం ఉన్నవాళ్లు రెండు తిరుగుడు రైడ్లను వెంటవెంటనే ఎక్కకూడదు. మధ్యలో మిషన్ ఇంటర్‌స్టెల్లార్ లాంటిది పెట్టుకోండి. అందులో సీట్లను పెద్ద తెర ముందుకు ఎత్తి ఆకాశంలో తేలుతున్న అనుభూతి కలిగిస్తారు. ఒళ్లు పెద్దగా కదలదు, కదిలేదంతా బొమ్మే. అక్కడ కడుపులో తిప్పితే సలహా తిరగబడుతుంది: ఒక్క క్షణం కళ్లు మూసుకోండి, సర్దుకుంటుంది. పెద్దవాళ్లను, పూర్తిగా ఆరోగ్యంగా ఉంటే, తీసుకెళ్లడానికి ఇది బాగుంటుంది. మా అమ్మ మూడుసార్లు వెళ్లొచ్చి, అంతరిక్షంలో కాళ్లనొప్పులు ఉండవని తేల్చింది.

7. భోజనం

పన్నెండుకైనా తినండి, రెండున్నరకైనా తినండి. ఒంటిగంటకు వద్దు, అందరూ అప్పుడే వస్తారు. బిర్యానీ తినాలనిపిస్తే పెద్ద రైడ్లన్నీ అయిపోయాకే.

8. నీళ్లలో

మళ్లీ కలుసుకునే చోటు, సమయం ముందే అనుకోండి. ఫోన్లన్నీ లాకరులో ఉంటాయి, కాబట్టి "ఎక్కడున్నావు" అని అడిగే వీలుండదు. పాత కాలం జాతరలా "నాలుగింటికి ఆ గడియారం కింద" అనుకోవాలి. మార్కర్ పెన్ను ఇందుకే: చిన్న పిల్లల ముంజేతి మీద మీ ఫోను నంబరు రాయండి. మామూలు బాల్ పెన్ను మొదటి మునకకే పోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో నేల కాలుతుంది. నీడల్లోంచి నడిచే దారి చూసుకోండి. మీకు దాహం తెలియకపోయినా గంటకోసారి నీళ్లు తాగండి, నీళ్లలో ఉన్నవాడికి చెమట పట్టినట్టు తెలియదు.

జారుడు రైడ్లలో వెల్లకిలా పడుకొని, చేతులు ఛాతీ మీద కట్టుకొని, మడమల దగ్గర కాళ్లు పెనవేయండి. సగంలో లేచి కూర్చోకండి, మోచేతులు గీసుకుపోతాయి. కింద నీళ్లలో పడగానే పక్కకు జరగండి, మీ వెనక ఇంకొకరు వస్తుంటారు. చిన్న పిల్లలు అలల కొలనులో మీ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి, కంటికి కనిపించేంత దూరంలో కాదు. కాంటాక్టు లెన్సులు పెట్టుకొని నీళ్లలోకి దిగకండి.

ఈత రానివాళ్లు, జారుళ్లు వద్దనుకునేవాళ్లు రెయిన్ డిస్కోకు వెళ్లండి. పైకప్పు నుంచి వాన, దీపాలు, పాటలు. జనం పెళ్లి ఊరేగింపులో కన్నా బాగా ఆడతారు, ఎవరి చీకట్లో వాళ్లు.

తరచుగా జరిగే పొరపాట్లు

- జేబులో ఫోనుతో కోస్టర్ ఎక్కడం. జిప్పు ఉన్న జేబైనా సరే, వద్దు.
- "అన్నీ ఎక్కాలి" అనే లెక్క. మీకు నిజంగా కావలసినవి ఎనిమిది రాసుకోండి. మిగతావి దొరికితే దొరుకుతాయి.
- మూడేళ్ల పిల్లవాడిని పెద్దవాళ్ల వేగంతో తిప్పడం. పిల్లల రైడ్ల దగ్గర రెండు గంటలు వాడికే కేటాయించండి, తల్లిదండ్రులు వంతులవారీగా పెద్ద రైడ్లకు వెళ్లిరండి.
- స్కూలు బస్సులు కనిపించగానే దిగులుపడటం. ఆ పిల్లలంతా ఒకే గుంపుగా కదులుతారు. వాళ్లు ఎటు వెళ్తే మీరు దానికి ఎదురు దిక్కుకు వెళ్లండి.

ప్రణాళిక పనిచేస్తోందా?

నీటి రైడ్లు తెరిచే సమయానికి చూసుకోండి. రీకాయిల్‌తో సహా నాలుగు పెద్ద పొడి రైడ్లు అయిపోయి ఉంటే రోజు మీ చేతిలో ఉంది. రెండే అయితే తడవడాన్ని గంట వాయిదా వేయండి. ఒక్కటే అయి, పిల్లలు గోల పెడుతుంటే, ప్రణాళికను జేబులో పెట్టి నీళ్లలోకి దిగండి. కోస్టర్ ఎక్కడికీ పోదు.

మూసే సమయానికి ముప్పావుగంట ముందే స్నానాల గదుల వైపు నడవండి, చివర్లో అక్కడా వరుసే. లాకరు డిపాజిట్ ఇచ్చి ఉంటే తిరిగి తీసుకోండి. వెళ్లేటప్పుడు బండి నడిపే మనిషికి ఒక టీ తాగించి, పది నిమిషాలు కూర్చోబెట్టండి. రోజంతా నీళ్లలో ఆడిన ఒళ్లు ఔటర్ మీదికి ఎక్కగానే నిద్రకు జారుతుంది. వెనక సీట్లో ఎలాగూ అందరూ పడుకుంటారు, పక్క సీట్లో ఒక్కరైనా మాట్లాడుతూ ఉండండి.